చిటపట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: చిటపట వినబడినచో హబ్బు తీసివేయుము, వైఫై ఆపుము, పోర్టు మార్చి చూడుము, గుయ్యిమన్నచో ఛార్జరు పీకి చూడుము.

అవతారిక: ఇంట్లోనే పాట రికార్డు చేసుకునేవారు మైకును కంప్యూటరుతో కలపడానికి వాడే చిన్న పెట్టెకు ఆడియో ఇంటర్‌ఫేస్ అని పేరు. మైకు పట్టిన ధ్వనిని అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగ గుండా లోపలికి పంపడం, లోపలి అంకెలను మళ్లీ ధ్వనిగా మార్చి హెడ్‌ఫోన్‌కు అందించడం దాని పని. ఒంటరిగా ఉన్నంతకాలం బుద్ధిగా నడిచే ఈ పెట్టె వెబ్‌క్యామ్, హార్డ్‌డిస్కు, వైర్‌లెస్ మౌస్ వచ్చి చేరగానే పేచీ పెట్టడం లోకానుభవం కాబట్టి సూత్రకారుడు ఇందుకు పూనుకున్నాడు.

ప్రతిపదార్థం: చిటపట = ధ్వని నడుమ నడుమ తెగుటచే పుట్టు శబ్దము; వినబడినచో = పాడుచుండగా గాని, దురదృష్టవశమున పాట అంతయు ముగిసిన పిమ్మట గాని చెవిన పడినచో; హబ్బు = ఒక పోర్టును నలుగురికి పంచు పెట్టెను; తీసివేయుము = తొలగించి ఇంటర్‌ఫేసును నేరుగా కంప్యూటరుకే తగిలింపుము; పోర్టు = తీగ దూర్చు రంధ్రమును; గుయ్యిమన్నచో = తెంపులేని రొద వినబడినచో; పీకి = గోడనుండి వేరుచేసి; చూడుము = వినుము.

తాత్పర్యం: ధ్వని తెగితే పొరుగు పరికరాలను, ధ్వనిలో రొద కలిస్తే కరెంటును అనుమానించాలి; ఒకసారికి ఒకదాన్నే తప్పించి, విని, ఆ తరువాతే రెండోదాని జోలికి పోవాలి. అన్నీ ఒకేసారి పీకినవాడికి రొద పోతుంది గాని కారణం దొరకదు.

విశేషాలు: ఒకే తీగలో అందరూ దూరడం వల్ల ఇరుకు ఏర్పడి ధ్వని తెగుతుందని పూర్వపక్షం. అది నిలవదు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, నమూనాకు 24 బిట్లతో రెండు చానళ్ల ధ్వనిని పంపినా సెకనుకు దాదాపు 23 లక్షల బిట్లే అవుతాయి, యూఎస్‌బీ 2.0 తీగ గరిష్ఠ వేగమో 48 కోట్ల బిట్లు. కొరత చోటుకు కాదు, సమయానికి. హార్డ్‌డిస్కుకు పోయే ఫైలులో ఒక ముక్క చెడితే దాన్ని మళ్లీ పంపే ఏర్పాటు ఉంది. ధ్వనికి ఆ ఏర్పాటు లేదు, ముహూర్తం దాటాక తెచ్చిన తాళిబొట్టులాగా ఆలస్యంగా చేరిన ముక్క అక్కరకు రాదు. బఫర్, అంటే ధ్వని ముక్కలను కాసేపు నిలవ ఉంచే తావు, 256 నమూనాలదైతే ప్రాసెసర్‌కు దొరికే గడువు 5.3 మిల్లీసెకన్లు మాత్రమే. వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో అంతకుమించి ప్రాసెసర్‌ను పట్టుకు కూర్చుంటే చిటపట పుడుతుంది. తీగతో ఏ సంబంధమూ లేని వైఫైని సూత్రకారుడు ఆపమనడంలోని ఆంతర్యం ఇదే. బఫర్‌ను 512కు పెంచితే సరిపోదా అంటే, చిటపట తగ్గుతుంది గాని గాయకుడికి తన గొంతే వెనకబడి వినిపిస్తుంది. ఆ ఉపాయం మిక్సింగ్ వేళకే తగినది.

హబ్బు నిషేధానికి కారణం వేరు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీయాంపియర్లు. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులను ఇంటర్‌ఫేస్ అందులోనుంచే పుట్టించుకోవాలి, అదే హబ్బుకు వేలాడే హార్డ్‌డిస్కూ అందులోనే వాటా అడుగుతుంది. సొంత అడాప్టరు ఉన్న హబ్బుకు ఈ నిషేధం వర్తించదని నవ్యుల మతం, అది సమంజసమే.

"పోర్టు మార్చి" అన్నచోట పక్క రంధ్రంలో పెట్టి తృప్తిపడేవారు చాలామంది. పక్కపక్క పోర్టులు తరచు లోపల ఒకే కంట్రోలరుకు చెందుతాయి కనుక ల్యాప్‌టాప్ రెండో వైపుకు మార్చడం మేలు. వైర్‌లెస్ మౌస్ తడబడినా నింద ఇంటర్‌ఫేస్ మీదనే పడుతుంది. నిజానికి యూఎస్‌బీ 3.0 పరికరాలు అలాంటి మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలలో రొద రేపుతాయని 2012లో ఇంటెల్ సంస్థే ఒక పత్రంలో చూపింది. పోర్టులో దూర్చే మౌస్ డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరిపితే ఆ తగవు తీరుతుంది.

శ్రుతి తేడాను సూత్రకారుడు విడిచిపెట్టడం లోపమే. సెకనుకు 44,100 నమూనాల లెక్కన రికార్డయిన కీర్తనను మార్పేమీ లేకుండా 48,000 లెక్కన వినిపిస్తే, ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకూ రెండుకూ నడుమ ఎటూ కాని చోట పలుకుతుంది. గొంతును అనుమానించే ముందు సెట్టింగులను చూడటం న్యాయం.

సూత్రంలోని చివరి మాట మాత్రం ప్రాణంతో ముడిపడినది. ఛార్జరుకూ స్పీకర్లకూ వేర్వేరు ఎర్త్ దారులు దొరికినప్పుడు వాటి మధ్య వలయం ఏర్పడి రొద పుడుతుంది; ఛార్జరు పీకగానే అది ఆగితే కారణం తేలినట్టే. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడటం దీనికి మందు. మూడుపిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరిచేసినా రొద పోతుందని చెప్పే వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆ మాట విన్నచోట మైకును పెదవులకు ఆనించి పాడేవారికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది కనుక, పాఠకులు ఛార్జరునే పీకాలి గాని పిన్నును ముట్టరాదు.