తెర నిండిన ఘటోత్కచుడు

కొన్నాళ్లుగా మా ఇంట్లో అందరూ లావయ్యారు. తిండి వల్ల కాదు, అప్‌గ్రేడ్ వల్ల.

ఆ బటన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. "ఇప్పుడా, తర్వాతా?" అని అడుగుతుందే గానీ "వద్దు" అనే మాట దాని నోట రాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో నూకలు చెల్లాయి. 11కి ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, మా ల్యాప్‌టాప్‌ది అంతకన్నా పెద్ద ముత్తైదువ. సరేనని, పాతవాళ్లని ఆదరిస్తుందని పేరున్న లినక్స్ పంచన చేరాం. కొంతకాలానికి అక్కడా కొత్త వెర్షన్ వచ్చింది, దాంతో కొత్త కెర్నల్ వచ్చింది, దానికీ మా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌కీ పొసగలేదు. కార్డు చేసిన కంపెనీ ఎప్పుడో దాన్ని లెగసీ జాబితాలో పడేసి చేతులు దులుపుకుంది. డ్రైవర్ లేని తెర 1024×768కి పడిపోయింది. మా తెర వెడల్పేమో 1366 చుక్కలు. అంటే ప్రతి బొమ్మా అడ్డంగా మూడో వంతు సాగింది.

పెళ్లి ఫొటోలు చూసి మా ఆవిడ "ఈవిడెవరు?" అంది. నేను జవాబివ్వలేదు. కొన్ని ప్రశ్నలకి జవాబివ్వకపోవడమే కాపురం.

అసలు పండగ మా మామగారిది. ఆయనకి సాయంత్రమైతే 'మాయాబజార్' పడాలి. 1957 నాటి సినిమా కదా, పాత టీవీల ఆకారంలో ఉంటుంది, మా తెర మీద రెండు పక్కలా నల్లపట్టీలు మిగిలేవి. ఇప్పుడు అంచు నుంచి అంచు దాకా నిండిపోయింది. ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు అసలే నిండైన విగ్రహం, ఆయనకి ఇంకో మూడో వంతు చేరేసరికి ఆ పెళ్లివిందు ఒక్కడికీ చాలదేమోనని నాకే బెంగ పట్టుకుంది. లడ్లు బొబ్బట్లయ్యాయి. గద నిలువుగా పట్టుకుంటే రుబ్బురోటి పొత్రం, అడ్డంగా పట్టుకుంటే వెదురుబొంగు. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వెన్నెల్లో నడిపిన పడవ ఓడంతయింది. హిడింబిగా వేసిన సూర్యకాంతం గారి జోలికి నేను పోను, నా జాగ్రత్తలో నేనుండాలి. మామగారు మాత్రం మురిసిపోయారు. "ఇన్నాళ్లకి తెర నిండా బొమ్మ తెప్పించావయ్యా అల్లుడూ!"

రిపేరు షాపు కుర్రాడు మూత కూడా తెరవకుండా "కొత్తది కొనెయ్యండి సార్" అన్నాడు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మా కార్డు చేసిన ఈ గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీనే తిట్టి, కెమెరాకేసి మధ్యవేలు చూపించాడు. అప్పట్లో పెద్దమనిషి చేసే పనేనా అనుకున్నాను. ఇప్పుడు ఒక్క వేలేనా అనిపిస్తోంది.

మామగారికి విషయం చెప్పబోయాను. కీబోర్డు బాగానే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, కార్డూ చెడలేదు, దానికి డ్రైవర్ రాసేవాళ్లు మానేశారంతే అన్నాను.

"అంటే పనిచేస్తుండగానే రిటైర్ చేశారన్నమాట," అన్నారాయన. ఆయన చేసింది కరెంటాఫీసులో. రిటైరయ్యాక కూడా వీధిలో ఎవరింట ఫ్యూజు పోయినా ఆయన కోసమే వచ్చేవారు. "ఈమధ్య ఎవరూ రావట్లేదులే," అన్నారు. నాకు హాస్యం తట్టలేదు.

చివరికి కంపెనీ డ్రైవర్‌ని వేళ్లతో సహా పెరికేసి రీస్టార్ట్ చేస్తే, ఔత్సాహికులు రాసిన ఉచిత డ్రైవర్ లేచి కూర్చుంది. కంపెనీ కాగితాలివ్వకపోయినా, కార్డు నడిచే తీరు గమనించి గమనించి రాసుకున్నారట, వాళ్ల కడుపు చల్లగుండ! వేగం తక్కువే గానీ 1366 తిరిగొచ్చింది. నల్లపట్టీలూ తిరిగొచ్చాయి. "శుభ్రంగా ఉన్నదాన్ని చెడగొట్టావు," అన్నారు మామగారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ముసలి ల్యాప్‌టాప్ ఉండి, అందులో లినక్స్ ఉంటే, అప్‌గ్రేడ్ నొక్కేముందు మీ కార్డు మోడల్ కంపెనీవాళ్ల లెగసీ జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ కంపెనీ డ్రైవర్‌ని ముందే తీసేసి, ఆ తర్వాతే నొక్కండి.