వారంటీ మెట్టుగూడ దాకే

హైదరాబాద్‌లో పాత కంప్యూటర్ అన్నదే లేదు. నమ్మకం లేకపోతే అమ్మకపు ప్రకటనలు చదవండి. ఉన్నవన్నీ లైట్‌గా వాడినవే. వాడినాయన డాక్టరో, బ్యాంకు ఆఫీసరో అయి ఉంటాడు. మెయిల్ చూసుకోడానికి తప్ప ఆన్ చేసి ఎరగడు. కొడుక్కి కొనిచ్చాడు, కొడుకు ఎమ్మెస్‌కని అమెరికా పోయాడు, అందుకే అర్జంటు సేలు. ఈ ప్రకటనల్లో విమానం ఎక్కినవాళ్ళంతా నిజంగానే ఎక్కి ఉంటే తార్నాక హాస్టళ్ళకి టులెట్ బోర్డులు వేలాడేవి, ఓయూ మెస్సుల్లో పొయ్యి వెలిగేది కాదు. అన్నట్టు, అంత అర్జంటుగా పోయిన ఆ కుర్రాడు ఒక్క ర్యామ్ స్టిక్ మాత్రమే ఎందుకు అమ్మి పోయాడో, మిగతా మిషన్ ఏ గంగలో కలిసిందో ఎవరూ అడగరు.

ఈ వ్యాపారానికి భూగోళం కూడా కలిసొచ్చింది. సరుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, జనం సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ దొరుకుతుంది. పారడైజ్‌లో మెట్రో దిగితే నడిచిపోవచ్చు. కొనే పిల్లలు తార్నాకలో ఉంటారు. 2017 నవంబరులో ఈ దారిన మెట్రో మొదలయ్యాక ఇద్దరికీ మధ్యస్థంగా మెట్టుగూడ స్టేషన్ దొరికింది. “మెట్టుగూడ మెట్రో కింద కలుద్దాం తమ్మీ” అంటాడు అమ్మేవాడు. అక్కడ చాయ్ ఉంది, ఆటోల మోత ఉంది, మెట్రో పిల్లర్ నీడ ఉంది. లేనిదల్లా ప్లగ్ పాయింటు. ఆ లేనిదాన్ని చూసుకునే ఆ చోటు ఎంచుకున్నాడని తమ్ముడికి తెలియదు.

“అన్నా, గిది నడుస్తదా?”

“నడుసుడేంది తమ్మీ, ఉరుకుతది.”

“ఎన్ని రోజులు వాడిన్రు?”

“వాడిందేడ? డబ్బాలనే ఉండె.”

“డబ్బా ఏది మరి?”

“డబ్బా పోయింది.”

“బిల్లు?”

“పక్కా బిల్లు కావాల్నంటే 18 శాతం జీఎస్టీ పడ్తది. నీకెందుకు, నేనున్న గదా.”

“వారంటీ?”

“టెస్టింగ్ వారంటీ ఇస్త. ఇంటికి పోయి పెట్టుకో, నడవకుంటే ఫోన్ కొట్టు.”

మాట తప్పలేదు పాపం. ఫోన్ కొట్టమన్నాడు, ఎత్తుతానని ఎక్కడా అనలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా దిగేవారికి ఆరితేరినవాళ్ళ పాఠాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ర్యామ్. అంచున ఉండే బంగారు పూత కాంటాక్టులు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. మెరుస్తాయి. ఇది మంచి వైద్యమే, చచ్చిందనుకున్న మిషన్లు దీంతోనే లేచి కూర్చుంటాయి. అయితే రబ్బరు పొడి ఊదేసి ‘సీల్ ఓపెన్, అన్‌యూజ్డ్’ అని రాసేది వైద్యుడు కాదు, వేరే వృత్తివాడు. ర్యామ్ బాగోగులు తేలాలంటే రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపాలి. మెట్రో కింద రాత్రంతా ఎవరూ కూర్చోరన్న ధీమా మీదే ఈ పాఠం నడుస్తోంది.

రెండోది హార్డ్‌డిస్క్. ఇది చాడీలు చెప్పే సరుకు. తాను ఎన్ని గంటలు కరెంటు మీద ఉందో తనలోనే రాసుకుంటుంది. సీసీ కెమెరా రికార్డర్‌లో మూడేళ్ళు రాత్రింబగళ్ళు తిరిగిన డిస్కు 26,000 గంటల పైమాటే చూపిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఈ గుట్టు నిమిషంలో విప్పుతుంది. అందుకని డిస్కుని కొనేవాడి ల్యాప్‌టాప్‌కి తగిలించనివ్వకూడదు. మరీ చదువుకున్నవాళ్ళు మీటరే సున్నాకి తిప్పేస్తారు. 2025 ఆరంభంలో జర్మనీలో కొత్తవని అమ్మిన సర్వర్ డిస్కుల్లో మామూలు లెక్క శుభ్రంగానే ఉంది, లోపలి ఇంకో చిట్టా విప్పితే వేల గంటలు బయటపడ్డాయి. ఆటో మీటర్ల ట్యాంపరింగ్‌లో మనం ఒంటరివాళ్ళం కామని సంతోషించాలి.

మూడోది గ్రాఫిక్స్ కార్డు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది. గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేలు తవ్వే పని, అదే మైనింగ్, ఆ రోజుతో ఆగింది. ఊపిరి తీసుకోకుండా వేడిలో మగ్గిన కార్డులు దేశదేశాల పాత మార్కెట్లలోకి దిగాయి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, థర్మల్ పేస్టు మార్చి, ‘గేమింగ్‌కి వాడింది, అదీ దసరా సెలవుల్లో’ అని రాసుకోవాలి. మైనింగ్ చేసిన కార్డులు ప్రపంచం నిండా ఉన్నాయి, మైనింగ్ చేశానని ఒప్పుకున్న అమ్మకందారు మాత్రం ఒక్కడూ కనబడడు.

నాలుగోది బోనస్. డిస్కు కొంటే పాత యజమాని ఉచితం. క్విక్ ఫార్మాట్ కొట్టి “మొత్తం క్లీన్ చేసిన అన్నా” అంటారు. గుమ్మం మీది ఇంటి నంబరు పీకేస్తే ఇల్లు కూలిపోదు. పది నిమిషాలు రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే ఆధార్ కాపీ, పాన్ కార్డు, అత్తగారింటి పెళ్ళి ఆల్బం వరసగా లేచొస్తాయి. వ్యక్తిగత డేటా కాపాడడానికి 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ చట్టం మెట్రో పిల్లర్ దాకా ఎప్పుడొస్తుందో మరి.

కొనేవాడు అమాయకుడని జాలిపడనక్కర్లేదు. ఎనిమిది వేల గ్రాఫిక్స్ కార్డుని మూడు వేలకి బేరమాడి, ఆ మూడు వేలలో నిజం కూడా కలిపి ఇవ్వమంటాడు. కార్డు మొరాయించిందని తెలిశాక వారం తిట్టుకుంటాడు. సెమిస్టర్ చివర అదే కార్డుని అదే డైలాగుతో జూనియర్‌కి అంటగడతాడు. “నీకు కాబట్టి ఇస్తున్నరా” అని ఒక ముక్క అదనంగా చేరుస్తాడు. క్యాంపస్‌లో సిలబస్ మారినా ఈ పాఠం మారదు.

ఇంతదాకా చదివి మెట్టుగూడ అన్నను తిడుతున్నారు కదా! తిట్టండి. కొన్ని తిట్లు మాత్రం దాచుకోండి, పై అంతస్తులో పెద్దన్నలున్నారు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మంగళం పాడింది. విండోస్ 11 కావాలంటే మిషన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఒకటీ అరా మినహాయింపులు పోను ఎనిమిదో తరం నుంచే పనికొస్తుందట. అంటే మెట్టుగూడలో మెట్రో కదిలిన ఏడాది కొన్న ఏడో తరం డెస్క్‌టాప్‌లు దాదాపు అన్నీ అనర్హం. రైలు నడుస్తోంది, కంప్యూటరూ నడుస్తోంది. ఒకదానికి మాత్రం మరణ ధ్రువపత్రం వచ్చేసింది. మన సెట్టింగులు వాళ్ళ ఖాతాలో దాచుకోనిస్తేనో, 30 డాలర్లు కడితేనో చావు ఏడాది వాయిదా వేస్తామన్నారు. చచ్చినదాన్ని బతికుందని అమ్మేవాడిని మోసగాడంటాం. బతికున్నదాన్ని చచ్చిందని చెప్పి కొత్తది అమ్మేవాణ్ని టెక్ దిగ్గజం అంటాం. విండోస్‌కి బదులు లైనక్స్ ఉంది, మన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ వాళ్ళు దాన్ని తెలుగులోనే తెచ్చి ఏళ్ళయింది. లైనక్స్ ఎక్కిస్తే ఆ ‘శవం’ లేచి టైపు కొడుతుంది, లెక్కలు చేస్తుంది, పిల్లలకి పాఠాలు చూపిస్తుంది. శవపరీక్ష చేయించుకునే ఓపిక మనకే లేదు.

ర్యామ్ సంగతీ అంతే. 2025 చివర్లో ఏఐ డేటాసెంటర్లు మెమరీ చిప్పులు ఊడ్చుకుపోవడంతో ధరలు చెట్టెక్కాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ఆ డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. సొరుగులో ఏళ్ళ తరబడి పడున్న డీడీఆర్4 స్టిక్‌కి ఒక్కసారిగా బంగారం పొగరొచ్చింది. మెట్టుగూడ అన్న ఐదొందలు పెంచితే దోపిడీ అట, కంపెనీలు పెంచితే మార్కెట్ పరిస్థితి అట.

ఇక సర్కారు వారి సత్యసంధత చూడండి. వాళ్ళు అబద్ధమాడరు, ఎందుకంటే అసలు అమ్మరు. ఆఫీసులో కంప్యూటర్ పాతబడితే కండెమ్ చేయడానికి కమిటీ వేయాలి, కమిటీకి మీటింగు పెట్టాలి, మీటింగుకి చైర్మన్ రావాలి. ఆయన రిటైరయ్యేలోపు స్టోర్‌రూమ్‌లో ఆ ర్యామ్ ఏ మదర్‌బోర్డుకీ పట్టని పురావస్తువు అవుతుంది. అప్పుడు నిబంధన ప్రకారం తుక్కు కింద కిలోల లెక్కన పోతుంది. మెట్టుగూడ రైల్వే ఊరు. తుప్పు పట్టిన పట్టా ముక్కకి సైతం రైల్వే తూకం వేసి, లాట్ నంబరిచ్చి ఆన్‌లైన్ వేలం పెడుతుంది. ఇనుప ముక్కకి ఉన్న జాతకం నాలుగేళ్ళ కిందటి ప్రాసెసర్‌కి లేదు.

నిబంధనలకి కొరత లేదు. 2022 ఈ-వేస్ట్ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీదారు, రిఫర్బిషర్, రీసైక్లర్ అందరూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బ్లోయరూ స్క్రూడ్రైవరూ పట్టుకుని ఇంట్లో మిషన్లు బతికించే కుర్రాడు ఏ గడిలో టిక్కు పెట్టాలో వాడికి చెప్పేవాళ్ళు లేరు. ఐక్యరాజ్య సమితి లెక్కన 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుకెక్కింది 22.3 శాతమే. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని మన చర్లపల్లిలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ శాస్త్రవేత్తలు తయారు చేశారు. అంతదాకా పోకుండా ఆ బోర్డుని ఇంకో ఐదేళ్ళు నడిపించేవాడే అసలు పర్యావరణవేత్త. వాడు మనకి అబద్ధాలాడుతూ దొరకడం మన ఖర్మ.

కనుక అన్నా, నీకో మాట. పాత సరుకు అమ్మడంలో తప్పు లేదు, సిగ్గూ లేదు. ప్లగ్ ఉన్నచోట కలువు. కచ్చా బిల్లయినా సరే, దాని మీద నాలుగు ముక్కలు రాయి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని గంటలు తిరిగింది, ఏం రిపేరు చేశావు, పాడైతే ఎన్ని రోజుల్లోపు వెనక్కి తీసుకుంటావు. పాతదని తెలిసే కొంటాం, ఐదొందలు ఎక్కువిచ్చి కొంటాం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి చెయ్యి రాకపోతే మాత్రం మెట్రో పిల్లర్ కింద నీ ప్రతిభ వృథా చేసుకోకు. ఏదైనా పెద్ద కంపెనీ మార్కెటింగ్ విభాగంలో దరఖాస్తు పెట్టుకో. అక్కడ జీతం ఇస్తారు, పైగా ఫోన్ ఎత్తే పని కంప్యూటర్‌కి అప్పజెప్పారు.