బోర్డు కొత్తది, బట్టీ పాతదే

ఏప్రిల్ వచ్చిందంటే తెలుగు ఊళ్లలో మామిడికాయలతో పాటు ఫ్లెక్సీలు కూడా విరగకాస్తాయి. ప్రతి కరెంటు స్తంభానికీ ఒక పిల్లవాడు టై కట్టుకుని టెలిస్కోపులోంచి చూస్తూ వేలాడుతుంటాడు. బడిలో టెలిస్కోపు ఉండాలన్న రూలేమీ లేదు. బొమ్మ కింద ‘టెక్నో’, ‘ఈ-టెక్నో’, ‘కాన్సెప్ట్’, ‘ఒలింపియాడ్’లలో ఏదో ఒకటి ఉంటుంది, యాజమాన్యానికి ఉత్సాహం ఎక్కువైతే అన్నీ ఉంటాయి. నిరుడు ఒట్టి ఇంగ్లిష్ మీడియంగా ఉన్న భవనమే అది. అవే ఇరుకు మెట్లు, అదే నీళ్ల ట్యాంకు. గోడల రంగు మారింది, ఫీజు మారింది. విద్యలో ఇన్నోవేషన్ అంటే ఇదేనని బ్రోచరు నొక్కి చెబుతుంది.

ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాలు నేర్పుతామని కూడా అందులోనే ఉంటుంది. ఆ శతాబ్దంలో పాతికేళ్లు అప్పుడే గడిచిపోయాయనీ, దాని మొదట్లో పుట్టినవాళ్లు బీటెక్ ముగించి అమీర్‌పేటలో కోచింగ్ కూడా పూర్తిచేశారనీ బ్రోచరు రాసినవారికి ఎవరైనా కబురు పెడితే బాగుండు.

చదువు మారాలన్న మాటతో ఎవరికీ పేచీ లేదు. మార్పు అనేది టెండరు పిలిచి కొనే సరుకు అన్న నమ్మకంతోనే పేచీ.

ఓ స్మార్ట్ క్లాసులోకి తొంగిచూస్తే సంగతి తెలుస్తుంది. గోడంత తెర. టీచరు వేలు తగిలించగానే గుండె బొమ్మ లబ్‌డబ్‌మని కొట్టుకుంటుంది. ఎర్రగొట్టాల్లో మంచి రక్తం, నీలం గొట్టాల్లో చెడు రక్తం పరుగులు తీస్తాయి. క్లాసు మొత్తం నోరు తెరుస్తుంది. రెండు నిమిషాల్లో బొమ్మ ఆగిపోయి ప్రశ్నలూ జవాబులూ వరసగా ప్రత్యక్షమవుతాయి. “ఇంపార్టెంట్, నోట్సులో ఎక్కించుకోండి.” నలభై తలలు ఒక్కసారిగా వంగుతాయి. మూడో బెంచీ పిల్ల ఒకతె లేచి “మేడమ్, రక్తం నిజంగా నీలంగా ఉంటుందా?” అని అడుగుతుంది. ఉండదు, ఆ రక్తం ముదురెరుపు. బొమ్మలో తేడా తెలియడానికి నీలం పూశారంతే. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కరెంటు కూడా అక్కర్లేదు. వచ్చే జవాబు మాత్రం వేరు: “సిలబస్‌లో లేదు, కూర్చో.”

యంత్రం వస్తుంది, బడి తలరాత మారిపోతుంది అన్న జోస్యానికి వందేళ్లు దాటాయి. పుస్తకాల పని అయిపోయింది, సినిమాయే పాఠం చెబుతుంది, పదేళ్లలో బడులన్నీ మారిపోతాయి అని 1913లో థామస్ ఎడిసన్ ప్రకటించాడు. సినిమా యంత్రాలు తయారుచేసి అమ్ముకునేది కూడా ఆయనే కావడం కాకతాళీయం అనుకోవాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. అది శ్రద్ధగా చేసిన ప్రయోగమే. ఏడాది తిరగగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. మరో పదకొండేళ్లకు, 1987లో, కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలుపెట్టింది. ఆకాశం నుంచి పాఠం దిగిన దేశంలో నేల మీద నల్లబల్ల లేదని తేలిందన్నమాట!

ఇక ఈ కాలపు కథ. ఆరేళ్ల పిల్లకు కోడింగ్ రాకపోతే జీవితం వ్యర్థమని బెదిరించిన వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనల్లో వోల్ఫ్ గుప్తా అనే బాలుడు ఉండేవాడు. కోడింగ్ నేర్చి గూగుల్‌లో కోట్ల జీతం కొట్టాడట. ప్రకటనకో వయసు, ప్రకటనకో జీతం. అసలు అలాంటి పిల్లవాడే లేడని తర్వాత తేలింది. 2020లో ప్రకటనల మండలి జోక్యంతో ఆ కంపెనీ ఐదు ప్రకటనలు వెనక్కి తీసుకుంది. అదే ఏడాది దాన్ని 30 కోట్ల డాలర్లకు కొన్నది ఆన్‌లైన్ పాఠాలమ్మే బెంగళూరు బైజూస్.

ఆ బైజూస్‌తోనే 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠాలను సంస్థ ఉచితంగానే ఇచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పట్లో ఆ సంస్థ విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. ట్యాబు అందుకున్న పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి, 2024 జూలైలో, పాఠం చెప్పిన కంపెనీ దివాలా విచారణకు వెళ్లింది. పిల్లవాడు మామూలుగానే గైడు కొనుక్కుని పరీక్షకు కూర్చున్నాడు.

సైన్సు ఫెయిర్ల సంగతి చెప్పుకోకపోతే పాపం. ఏటా అదే అగ్నిపర్వతం, అదే వంటసోడా, అదే వెనిగరు. పక్క బల్ల మీద థర్మోకోల్ ఇంకుడుగుంత. అర్ధరాత్రి దాకా మేలుకుని ఫెవికాల్ పూసింది తండ్రి, షీల్డు అందుకున్నది కొడుకు, ఫొటో మాత్రం కరస్పాండెంటుగారిది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడులున్నాయి. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. మన ఏకోపాధ్యాయ బడుల గోస అందరికీ తెలిసిందే. ఒక తరగతికి చెబుతుంటే తక్కిన నాలుగూ ఎక్కాలు వల్లిస్తుంటాయి. రిషివ్యాలీ వాళ్లు పాఠ్యపుస్తకాన్ని ముక్కలుచేసి వందలాది కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది, తానెక్కడున్నదీ పిల్ల దాంట్లో చూసుకుంటుంది, బొమ్మ గుర్తును బట్టి తన కార్డు తనే వెతికి తెచ్చుకుంటుంది. ఒక గుంపు టీచరు దగ్గర, ఒక గుంపు తోటిపిల్లల సాయంతో, కొందరు సొంతంగా. జ్వరమొచ్చి వారం మానేసిన పిల్ల వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. తరగతి ఆమెను వదిలేసి ముందుకు పోదు.

ఇది చూసివెళ్లిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లతో 1995లో కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతి ఎత్తుకున్నాయి, 2007 నాటికి తమిళనాడు అంతా పాకింది. మదనపల్లె అట్టముక్కలు కన్నడ పిల్లల దగ్గరకు వెళ్లిన ఇరవై ఏడేళ్లకు బెంగళూరు యాప్ తెలుగు పిల్లల దగ్గరకు వచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరు లాభపడ్డారో ఎక్కాలు వచ్చినవారెవరైనా చెప్పగలరు.

అట్టముక్కకు రిబ్బన్ కత్తిరించడం కుదరదు, దాని మీద ఫీజు పెంచడం అంతకన్నా కుదరదు. అందుకే అది ఏ ఫ్లెక్సీ మీదికీ ఎక్కలేదు. ఈలోగా పిల్లల చదువును కొలిచే 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. తక్కినవారి చేతిలో ఎంత ఖరీదైన తెర పెట్టినా దాని మీది అక్షరాలు వాళ్లకు అందవు.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబడే తల్లిదండ్రులకు ఒక విన్నపం. తెర ఎన్ని అంగుళాలని అడగొద్దు. “మా పిల్ల వెనకబడితే మీరేం చేస్తారు? అడగకూడని ప్రశ్న అడిగితే ఏమంటారు?” అని అడగండి. జవాబుగా బ్రోచరు చేతిలో పెడితే ఫీజు కట్టకుండా వెనక్కి తిరగండి.