ఏకాగ్రతను చెడగొట్టిన దెవరు?

ఓడిపోయిన జట్టునకు కారణములు ఎన్నడును కరవు కాలేదు. పూర్వకాలమున పిచ్చును, గాలిని, అంపైరును నిందించి ఊరకుండెడివారు. ఇప్పటి నిర్వాహకులు చదువుకొన్నవారగుటచే, వాటన్నిటికిని ఆదిమూలమైన మహాకారణ మొకటి కనిపెట్టి, దానికి ఏకాగ్రతాభంగమని నామకరణము చేసినారు. శిబిరములో ఎవడో నోరు జారెనట. దానికి పత్రికలవారు చిలవలు పలవలు చేర్చిరట. అందుచే పిల్లల మనస్సులు చెదరెనట. చెదరిన మనస్సులతో చేతులు చాచుటచే క్యాచులు నేలపాలయ్యెనట. ఈ సిద్ధాంతమునందలి సౌలభ్యమేమనగా, జట్టును ఎన్నుకొన్నవాడును, సారథిని మార్చినవాడును, మైదానమునకు రోలరు తోలింపనివాడును, ఒక్కరైనను దోషులు కాకుండ బయటపడుదురు. ‘ఇది అన్యాయము’ అని పైకి అన్నవా డొక్కడే దొరికిపోవును.

ఈ సిద్ధాంతము ఆచరణలో నెట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. మే నెలలో తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో వేసవి శిక్షణ శిబిరము ప్రారంభమగునాడు ఉదయమున మైదానమునకు పోయి నిలుచుండిన చాలును. అయిదున్నరకే వచ్చి వరుసలు తీరిన పిల్లలు, ఎండ ముదిరి తొమ్మిదిన్నర దాటువరకు, ముఖ్య అతిథిగారి కారు వచ్చు దిక్కునకు కన్నులప్పగించి నిలుచుందురు. ఏకాగ్రత యనగా నెట్టిదో వారిని చూచియే నేర్చుకొనవలెను. పిమ్మట వారు వత్తురు, శాలువలు కప్పబడును, జ్యోతి వెలిగింపబడును, క్రీడలు మనోవికాసమునకు తోడ్పడునని, మనస్సున మరేదో మీటింగును తలచుకొనుచు, అతిథిగారు సెలవిత్తురు. అటుపైన చెప్పులు విడువకయే బ్యాటు పుచ్చుకొందురు. ఏడాది పొడుగున వేగముగా వేయుటకు సాధన చేసిన కుర్రవాని చెవిలో కోచ్‌గారు, ‘మెల్లగా, అందేటట్టు వెయ్యరా’ అని ఉపదేశింతురు. ఆ యొక్క బంతి మరునాడు జిల్లా ఎడిషనులో ఛాయాచిత్రమై శాశ్వతత్వము నొందును. అంతట ఫ్లెక్సీమీద ఒకరి బొమ్మ చిన్నదైనదనియు, వేరొకరిది అసలే లేదనియు అలకలు బయలుదేరి, వాటిని తీర్చుటతో ఆ పూట శిబిరము పరిసమాప్తమగును. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమై, రేపల్లె దాని పాలికి పోయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచిపోయినందున, రేపల్లె పాసింజరులో ఒకే బల్లమీద కూర్చుండి వచ్చు ఇద్దరు కుర్రవాండ్రు నేడు రెండు జిల్లాల క్రీడాకారులు. జిల్లాతోపాటు బ్యాట్లు పెరిగెనో లేదో కాని, వేదికమీద కుర్చీలు మాత్రము తప్పక పెరిగియుండును. ఇందులో ఏదియు ఏకాగ్రతాభంగము కాదు. పది దినముల పిమ్మట వలల వద్ద ఒక కుర్రవాడు, ‘నాకు బ్యాటింగు ఎప్పుడిస్తారు సార్?’ అని అడిగినచో, అది ఏకాగ్రతాభంగము.

మనవారొక్కరే ఇట్టివారని దిగులు చెందనక్కరలేదు. అమెరికాలో బేస్‌బాల్ జట్లు ఏటేట ఫిబ్రవరి నడుమ చలిసీమలు విడిచి ఫ్లారిడాకును, అరిజోనాకును పోయి వసంత శిబిరములు పెట్టుకొనును. ఆ శిబిరములనుండి వెలువడు వార్తలలో బంతికి దక్కు చోటు స్వల్పము. 1973 మార్చిలో న్యూయార్క్ యాంకీస్ జట్టున బంతులు విసరు వీరులిరువురు, పీటర్సన్, కెకిచ్ అనువారు, తమ సంసారములను భార్యాబిడ్డలతోడను, పెంపుడు కుక్కలతోడను పరస్పరము మార్చుకొంటిమని ప్రకటించిరి. (కుక్కల నెవరైన సంప్రదించిరో లేదో.) 2020 ఫిబ్రవరిలో హూస్టన్ ఆస్ట్రోస్ జట్టువారు, మూడేండ్ల క్రిందట ప్రత్యర్థుల రహస్యసంజ్ఞలను కెమెరాతో పసికట్టి, చెత్తడబ్బాను బాది తమ ఆటగానికి తెలియజేయుచుండిరని రుజువై, 50 లక్షల డాలర్ల జరిమానా పడిన పిమ్మట, క్షమాపణ చెప్పుటకు ఫ్లారిడా శిబిరములో విలేకరుల నెదుట కూర్చుండిరి. అప్పుడు జట్టు యజమాని జిమ్ క్రేన్, క్షమాపణ చెప్పుచునే, ఆ పని ఆటను ప్రభావితము చేయలేదని తమ అభిప్రాయమని వక్కాణించెను. ఫలితమే లేని పనికై అన్ని దినములు డబ్బా బాదినవారి దీక్షను మెచ్చవలెనో, దానికై అన్ని లక్షలు కట్టినవారి ఔదార్యమును మెచ్చవలెనో తేలకున్నది.

అయితే ఆ దేశపు చరిత్రయే మన నిర్వాహకుల సిద్ధాంతమును నడుము విరుగగొట్టుచున్నది. 1947 వసంతమున బ్రూక్లిన్ డాడ్జర్స్ శిబిరము హవానా ప్రాంతమున సాగుచుండగా, నల్లజాతివాడైన జాకీ రాబిన్సన్ ప్రక్కన ఆడజాలమని కొందరు సహచరులు విజ్ఞాపన పత్రమునకు సంతకములు కూర్పబోయిరి; మేనేజరు లియో డ్యురోషర్ అర్ధరాత్రివేళ వారిని లేపి చీవాట్లు పెట్టెను; ఆ డ్యురోషర్‌నే కమిషనరు వేరొక కారణమున ఏప్రిల్ 9న ఏడాదిపాటు బహిష్కరించెను; ఏప్రిల్ 15న రాబిన్సన్ మైదానములో దిగెను. కుట్ర, కలహము, బహిష్కారము, జాతివైరము అన్నియు కూడిన ఇంతటి శిబిరము మరెక్కడ కలదు? ఆ యేడు నేషనల్ లీగును గెలిచినది బ్రూక్లిన్ డాడ్జర్సే. అక్కడ చీవాట్లు పడినది సంతకములు కూర్చినవారికి గాని రాబిన్సనుకు గాదు. తేడా యంతయు అందున్నది.

బ్రూక్లిన్ దాక పోవుట ప్రయాస యనువారు బాపట్లలోనే ఆగవచ్చును. 1920 ప్రాంతమున ఆ యూర హరిశ్చంద్ర నాటకము ఆడవలసిన రాత్రి చంద్రమతి వేషధారి రాలేదు. ప్రేక్షకులు కూర్చుండిరి, దీపములు వెలిగినవి, హరిశ్చంద్రునకు భార్య లేదు. నేటి నిర్వాహకుడైనచో ప్రదర్శన నాపి, జట్టు ఏకాగ్రత చెడినదని ప్రకటన యిచ్చెడివాడు. నాటివారు మాత్రము ఆ యూరి యువకుడే యైన స్థానం నరసింహారావునకు చీర కట్టి రంగమెక్కించిరి. ఆ చీరయే అటుపిమ్మట తెనాలి శ్రీరామవిలాస సభలో సత్యభామ చీరయై, ఆంధ్రదేశమంతటను కొంగు పరచి, 1956లో పద్మశ్రీ తెచ్చిపెట్టెను. హార్మోనిస్టునకును పద్యము పాడువానికిని మాటలు లేని రాత్రులు తెనాలి ప్రేక్షకున కెన్నియో తెలియును. రాగము చెడినచో అతడు చెడినదనెను. తెర వెనుక తగవు వచ్చినదిగాన చెడెనులే యని ఈల వేయకుండ ఊరకున్న దాఖలా లేదు.

సరే, సారథియే ఏకాగ్రతాభంగమైనచో ఏమగును? దానికిని మన తెలుగువారే దృష్టాంతము చూపినారు. 1936 వేసవిలో ఇంగ్లండునకు పోయిన భారతజట్టునకు సారథి విజయనగరము మహారాజకుమారుడు, లోకము విజ్జీ యని పిలిచినవారు. ముప్పదియారు సామానులతోను, ఇద్దరు సేవకులతోను పయనమైరని ప్రతీతి. జట్టులో ఆయనకన్న మెరుగుగా ఆడగలవారెవరని ప్రశ్నించినచో, మొహమాటము విడిచి చెప్పవలెనన్న, దాదాపు తక్కినవారందరును. వారిలో, 1932లో భారతదేశపు తొలి టెస్టునకు సారథ్యము వహించిన సి.కె. నాయుడు ఒకరు. ఆయనయు తెలుగువాడే. తెలుగువాని క్రింద తెలుగువాడు ఆడిన ఆ పర్యటన ఎంత సుఖముగా సాగియుండునో పాఠకులకు విన్నవింప నక్కరలేదు. (తెలుగువా రందరొకటి కావలెనని బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ 1913లో కూడి, అప్పటికి ఇరువదిమూడేండ్లు మాత్రమే యైనది.)

భారతదేశమునకు తొలి టెస్టు సెంచరీ నార్జించిన లాలా అమర్‌నాథ్, ఆ పర్యటనలో పరుగులును వికెట్లును కుప్పలుపోయుచున్న దినములలోనే, లార్డ్స్ మైదానమున ఒక మ్యాచులో ప్యాడ్లు కట్టుకొని తన వంతుకై కాచుకొని కూర్చుండెను. తనకు ముందు ఒకరి వెనుక నొకరిని పంపుచుండగా చూచి ఓర్చుకొనెను. ఆట ముగియవచ్చువేళకు దిగి, తిరిగివచ్చి, ప్యాడ్లు విసరి, పంజాబీలో నాలుగు మాటలనెను. తొలి టెస్టు ఇంకను మొదలు కాలేదు. ఆయనను ఓడనెక్కించి ఇంటికి పంపివైచిరి. ఏకాగ్రత కాపాడబడెను. కాపాడబడిన ఏకాగ్రతతో మూడు టెస్టులలో రెంటిని ఓడిపోయిరి. ఉదయ ఫలాహారపు బల్లకడ నాయుడుగారి నవమానించినందులకే బకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దొరికెనని తోటివారు చెప్పుకొనిరి. అది ఆయన ఆడిన ఏకైక టెస్టు. మూడు టెస్టుల ఆరు ఇన్నింగ్సులలో 33 పరుగులు గడించిన సారథిగారికి ఆ వేసవిలోనే సర్ బిరుదము లభించెను. మరుసటి యేట బోమంట్ విచారణసంఘము అమర్‌నాథ్‌ను నిర్దోషియని తేల్చి, ఆ సారథ్యమును ఘోరమని తెగనాడెను. అయిననేమి? విజ్జీగారు 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షులును, 1958లో పద్మభూషణులును అయిరి. రేడియోలో కూర్చుండి, ఇతరు లెట్లు ఆడవలెనో దేశమునకు చెప్పిరి.

మా గుంటూరు జిల్లా ఈ విద్యలో వెనుకబడినదని ఎవరును అనరాదు. 2019 ప్రపంచకప్పునకు జట్టు నెన్నుకొన్న సంఘమునకు పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్; చోటు దక్కనివాడు అంబటి రాయుడు; ఇరువురును ఈ జిల్లాలో పుట్టినవారే. రాయుడు స్థానమున తీసికొన్న విజయ్ శంకర్ మూడు కోణములలో పనికివచ్చునని ప్రసాద్‌గారు సమర్థింపగా, ప్రపంచకప్పు చూచుటకు త్రీడీ కళ్లద్దములు ఆర్డరు చేసితినని రాయుడు ట్వీటు పెట్టెను. వెంటనే దేశమంతయు కళ్లద్దముల చర్చలో మునిగిపోయినదే గాని, నాలుగవ స్థానమున దిగువాడెవడను ప్రశ్న అట్లే మిగిలిపోయెను. ఆ టోర్నీ నడుమ ఇద్దరు గాయపడిరి, ఇద్దరు క్రొత్తవారిని పిలిచిరి, రాయుడును పిలువలేదు. అతడు జులై 3న విరమణ ప్రకటించెను. సరిగా వారమునకు సెమీఫైనలులో న్యూజీలాండు నెదుట 5 పరుగులకు 3 వికెట్లు కూలినవి. కళ్లద్దముల వలన కూలినవని ఇప్పటికిని వాదించువారు కలరు. (అతడు ఆగస్టులో ఆ విరమణను విరమించుకొనుటయు, 2023 డిసెంబరు 28న ఒక పార్టీలో చేరి జనవరి 6న బయటికి వచ్చుటయు వేరు కథలు, అవి శిబిరమునకు సంబంధించినవి కావు గనుక వదలుచున్నాను, మనస్సొప్పకున్నను.)

ఇక హనుమ విహారి కథ. కాకినాడ వాసియైన ఇతడు 2021 జనవరిలో సిడ్నీలో తొడకండరము పట్టివేసినను, కుంటుచు 161 బంతులెదుర్కొని 23 పరుగులతో అజేయుడై నిలిచి టెస్టును కాపాడెను. 2023 ఫిబ్రవరిలో ఇండోరున ముంజేతి ఎముక విరిగినను, కుడిచేతివాటపువాడు ఎడమచేతి వాటమున నిలిచి ఆంధ్రకు బ్యాటు పట్టెను. ఎముక విరిగినప్పుడు చెదరని ఇతని ఏకాగ్రత, పదునేడవ ఆటగాని నొకని మందలించుటచే చెదరెను. 2024 జనవరిలో బెంగాలుతో తొలి రంజీ మ్యాచు కాగానే సారథ్యము వదలుకొనెను. వ్యక్తిగత కారణములని లోకమునకు చెప్పబడెను. ఫిబ్రవరి 26న ఇండోరులో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో జట్టు ఓడిననాడు అసలు సంగతి ఇదియని తానే బయటపెట్టెను: తాను కసరిన ఆటగాడు, రాజకీయనాయకుడైన తండ్రితో చెప్పుకొనెననియు, ఆయన ఒత్తిడిచే ఆంధ్ర క్రికెట్ సంఘము తనను తప్పుకొమ్మనెననియు, ఇక ఆంధ్ర పక్షమున ఆడననియు. ఆ యువకుడు ఇవన్నియు అబద్ధములనెను. విహారి పరుషముగా మాటలాడెనని ఫిర్యాదులున్నవని సంఘము చెప్పెను. నేను తీర్పరిని కాను. పదునొకండుగురాడు ఆటలో పదునేడవవాని పేరు చరిత్రకెక్కుట మాత్రము ఆటయొక్క అభివృద్ధియని తలచుచున్నాను.

సహచరులు విహారియే సారథిగా ఉండవలెనని సంతకములు చేసిరి. బ్రూక్లిన్‌లో సంతకములు మనిషిని వెళ్లగొట్టుటకు, ఇక్కడ నిలుపుకొనుటకు. నోటీసు మాత్రము విహారికే వెళ్లెను. అంతలో రంజీ ట్రోఫీలో ఎన్ని జట్లున్నవో నిన్నటివరకు విచారింపని ప్రతిపక్ష నాయకులు క్రికెట్టు ఔన్నత్యమును గూర్చి ప్రకటనలు గుప్పించిరి, ఎన్నికలు దగ్గరపడుచుండెను. జూన్‌లో ప్రభుత్వము మారెను. విహారి క్రొత్త మంత్రి లోకేశ్‌ను కలిసికొని ఆంధ్రలోనే నిలిచెను. ప్రభుత్వము మారినగాని సారథి విషయము తేలని ఆటలో రాజకీయము లేదని ఇప్పటికిని ప్రతి శిబిర ప్రారంభోపన్యాసములోను చెప్పుచున్నారు. 2025లో విహారి త్రిపురకు వెడలిపోయెను. అచ్చటి అగర్తలాలో ఏకాగ్రత ఎట్లున్నదో.

గుంటూరు కుర్రవాడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచకప్పునకు ఉపసారథియై పోయి, కోవిడ్ తగిలి, సారథి యశ్ ధుల్‌తో పాటు గదిలో బంధింపబడి, పదునొకండుగురిని కూర్చుటయే కష్టమైన జట్టులోనికి తిరిగివచ్చి, సెమీఫైనలులో 94, ఫైనలులో 50 పరుగులు చేసి కప్పు గెలిపించెను. సిద్ధాంతమున కిమిడని ఇట్టి సంగతులు ఏ ప్రారంభోపన్యాసమునకును ఎక్కవు.

కావున నాదొక విజ్ఞాపన. రాబోవు వేసవికి ఈ మూడు పట్టణములలోను బ్యాటు బంతుల ఖర్చు లేని శిబిరము లేర్పరుపవలెను. కళలకు నెలవైన తెనాలిలో, అతిథి వచ్చువరకు అలసట కనబడకుండ నిలుచుటయు, వేదికమీద చప్పట్లు ఎచ్చట కొట్టవలెనో తెలియుటయు, ఓడించకుండ బంతి వేయుటయు నేర్పవలెను. నటనలో ఆరితేరిన ఊరు గనుక ఆచార్యులకు కొరత యుండదు. బాపట్లలో, సూర్యలంక గాలికి మనస్సులు చల్లబడును గాన, క్షమాపణ లేఖలును, వ్యక్తిగత కారణముల లేఖలును వ్రాయు అభ్యాసము పెట్టవలెను. రేపల్లెలో ఏమియు నేర్పనక్కరలేదు. తెనాలినుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చు రైలుమార్గము అక్కడితో ఆగిపోవును. అమర్‌నాథ్‌కు ఓడ టిక్కెట్టు కొనవలసివచ్చినది గాని, తనకు బ్యాటింగు ఎప్పుడని అడిగిన కుర్రవానికి ఆ పాసింజరు టిక్కెట్టు చాలును.