చెయ్యి ఎత్తని పసిబిడ్డ: తొందర లేనివారికి సలహాలు

బిడ్డ నాలుగు కిలోల పైమాట. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంది, లాగాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక చెయ్యి పక్కన వేలాడుతోంది. మోచెయ్యి మడవదు, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. డాక్టర్లు దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు. మెడ దగ్గర వెన్ను నుంచి చేతికి దిగే అయిదు నరాల్లో పైవి సాగాయనో తెగాయనో చెబుతారు. వినండి, తలాడించండి, ఇంటికొచ్చి దిష్టి తీయండి.

చాలామంది పిల్లలకు దానంతటదే నయమవుతుందని డాక్టరే అంటాడు. ఆ మాట దగ్గరే లేచి వచ్చెయ్యాలి. కూర్చుంటే "మూడో నెలకి మోచెయ్యి మడవకపోతే నరాల సర్జన్‌కి చూపించాలి" అంటాడు. పక్కవీధి కుర్రాడికి ఆర్నెల్లకి బాగైంది కదా! వాడిది సాగిన నరమా, మీవాడిది తెగిన నరమా అని లోతుకు పోతే ఎవరమూ సలహాలివ్వలేం.

మూడో నెలలో పుట్టింటి నుంచి బిడ్డను తీసుకురావాలి, కుదరదు. తర్వాత ఆషాఢం. ఆపైన అన్నప్రాశన, ఆ వెంటనే మూఢం. పుట్టువెంట్రుకలు తీయకుండా కత్తి తగలనిస్తామా? నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుందట, ఏడాదిన్నర దాటితే దాన్ని అందుకునే శక్తి కండకు పోతుందట, అందుకే ఆపరేషన్ మామూలుగా తొమ్మిదో నెలలోపే చేస్తారట. నరానికి పంచాంగం తెలియకపోతే అది దాని ఖర్మ.

ఆపరేషన్‌లో పిక్క నుంచి నరం తీసి మెడలో అతుకుతారు. కాలు కుంటిదవుతుందని చుట్టాలందరికీ చెప్పండి. పాదం అంచున కాస్త తిమ్మిరి తప్ప నడకకు లోటుండదన్న మాట మాత్రం చెప్పకండి.

ఆ చేతివైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నగా ఉందా? నరం వేళ్లతో సహా ఊడిందేమోనని డాక్టర్లు హడలిపోతారు. మీరు రెండు కళ్లకూ కాటుక దట్టంగా దిద్దండి, తేడా కనపడదు.

ఫిజియోథెరపిస్టు గుడ్డ మార్చినప్పుడల్లా మోచెయ్యి పక్కటెముకలకు ఆన్చి ముంజేతిని మెల్లగా బయటికి తిప్పమంటుంది. రోజూ అంత చాకిరీ ఎవరు చేస్తారు? నీళ్లు పోసే ముసలమ్మకు అప్పగిస్తే రెండు చేతులూ పట్టి ఒక్క గుంజు గుంజుతుంది. అసలేమీ చెయ్యకపోయినా భుజం బిగుసుకుపోతుంది, వేలాడటమన్నా తగ్గుతుంది. కాపడానికి వేడి చూసుకోనక్కర్లేదు, ఆ చేతికి బిడ్డ ఏడవడు. స్పర్శ లేక ఏడవట్లేదేమోనని నర్సు గొణుగుతుంది, గొణగనివ్వండి.

చొక్కా తొడిగేటప్పుడు దెబ్బతిన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర అంటారు. చొక్కాకీ శాస్త్రమే!

ఎడమ చెయ్యైతే అసలు పట్టించుకోకండి. అన్నం కుడిచేత్తోనేగా తినేది.

చాలా జిల్లా ఆసుపత్రుల్లో 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం కింద పిల్లల కేంద్రాలున్నాయి. అక్కడ అన్నీ ఉచితం, కాబట్టి వెళ్లకండి. ఆ డబ్బుతో తాయెత్తు కట్టించండి.

నేరం ఎవరిదని అత్తగారు అడిగితే, గ్రహణం రోజు కోడలు వంకాయలు తరిగిందని తేల్చెయ్యండి. కడుపుతో ఉన్నప్పుడు సుగర్ వచ్చి బిడ్డ పెద్దదైందన్న సంగతి ఎత్తకండి. రెండో కాన్పుకు కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటిసారి భుజం ఇరుక్కుందని ఆమెకు చెప్పకండి, పాత ఫైలు ఇంట్లోనే ఉంచండి.