రసీదు వెనక రాజ్యాంగం

సేవలు అమ్మేవాళ్ల రసీదుకు రెండు ముఖాలు. ముందువైపు దుకాణం పేరు, దేవుడి బొమ్మ, కట్టిన డబ్బు. వెనకవైపు కంటికి ఆనని అక్షరాల్లో షరతులు. బట్టలు పాడైతే పూచీ లేదు, కట్టిన ఫీజు వాపసు లేదు, బండి పోతే యజమానిదే బాధ్యత, తగాదా వస్తే ముంబై కోర్టుల్లోనే తేల్చుకోవాలి. కోలారు జిల్లా రాబర్ట్‌సన్‌పేటలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం మాట్లాడి నెగ్గుకొచ్చే మనిషి కూడా ఈ ప్లీడరు ఇంగ్లీషు దగ్గర చేతులెత్తేస్తాడు. చదవకపోతే ఒప్పుకున్నట్టే అన్నది ఆ షరతులకు పునాది.

ఒప్పందమంటే ఇరువైపులా బేరమాడి రాసుకునేదన్న మాట మరీ అబద్ధమేమీ కాదు. 1902లో శివనసముద్రం కరెంటు ఆ రాబర్ట్‌సన్‌పేట ఉన్న కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనులకు చేరింది. అమ్మింది మైసూరు ప్రభుత్వం, కొన్నది జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపే గనుల కంపెనీలు. ఒకవైపు సంస్థానం, మరోవైపు లండన్ పెట్టుబడి. ఎవరికి వాళ్లు గట్టివాళ్లే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గని కార్మికుల పిల్లలు, మనవలు బతుకుతెరువుకు బెంగళూరు రైలెక్కుతున్నారు. వాళ్ల చేతిలోని ఫోను తెరమీద ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట ఒక్కటే ఉంటుంది. అది నొక్కకపోతే సేవ లేదు. దీన్ని కూడా స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందమే అనడానికి కంపెనీల వకీళ్లు వెనకాడరు.

చట్టం ఈ మాటను పూర్తిగా ఎన్నడూ నమ్మలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే 23వ సెక్షన్ ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదంది. 28వ సెక్షన్ కోర్టు గడప తొక్కకుండా పూర్తిగా కట్టేసే షరతును కొట్టేసింది. ఫలానా గడువులోగా అడక్కపోతే హక్కే పోతుందని రాసే తెలివికి 1997 నాటి సవరణ అడ్డుకట్ట వేసింది.

1965లో మద్రాసు హైకోర్టు తేల్చిన లిలీ వైట్ లాండ్రీ కేసు ఈ సంగతిలో ఎంత చెప్పుకున్నా తక్కువే. ఉతకడానికి వేసిన కొత్త చీర పోయింది. రసీదు మీది షరతు ప్రకారం దుకాణం సగం ధర చెల్లిస్తే చాలు. అంటే సగం ధరకే కొత్త చీరలు సంపాదించుకునే ఉపాయాన్ని లాండ్రీవాళ్లు బాహాటంగా అచ్చేసి, దాన్ని ఖాతాదారు చేతికే ఇచ్చారన్నమాట! అది ప్రజాహితానికి విరుద్ధమని, చెల్లదని కోర్టు చెప్పింది. దశాబ్దాలు గడిచినా ఆ జాతి వాక్యాలు రసీదుల మీంచి పోలేదు. చెల్లని నోటు అచ్చేస్తే జైలు, చెల్లని షరతు అచ్చేస్తే ప్రెస్సు ఖర్చు.

పెద్ద వ్యాపారాలదీ ఇదే వరస. గురుగ్రామ్‌లో ఒక బిల్డరు రాయించుకున్న ఒప్పందంలో ఫ్లాటు కొన్నవాడు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ. ఫ్లాటు ఇవ్వడం బిల్డరే ఆలస్యం చేసి డబ్బు తిరిగివ్వాల్సి వస్తే 9 శాతం. ఇలాంటి ఏకపక్షపు షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని అంతకు ముందే, 2018లో, తేల్చింది.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో విడమరిచింది. మితిమీరిన డిపాజిట్, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, అప్పు ముందే తీరుస్తానన్నా ఒప్పుకోకపోవడం, కారణం లేకుండా ఒకవైపు నుంచే తెంచేసుకోవడం ఇందులో ఉన్నాయి. ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని కూడా అంది. ముంబై బెదిరింపు పస అక్కడితో చాలావరకు తగ్గింది.

ఇంతవరకూ భేషుగ్గానే ఉంది. చట్టానికి హాస్యచతురత మొలిచింది ఆ తర్వాతే. సేవాలోపానికి కోలారు జిల్లా కమిషన్ పరిహారం ఇప్పించగలదు. షరతు అన్యాయమైనదని ప్రకటించి రద్దు చేసే అధికారాన్ని మాత్రం చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే రాసిచ్చింది. పది కోట్ల రూపాయల దాకా ఎంత చిన్న ఒప్పందమైనా సరే, మొదటి మెట్టు రాష్ట్ర కమిషనే. ఐదొందల రూపాయల జిమ్ ఫీజు మీది షరతును కొట్టేయించుకోవాలంటే కేజీఎఫ్ మనిషి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు వైపు చూడాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపే వీలుందన్నది నిజమే. అయినా ఐదొందల కోసం రాష్ట్ర కమిషన్ దాకా పోయేవాళ్లు ఎందరుంటారో ఫారాలు రాసేవాళ్లకు బాగా తెలుసు.

అందుకే షరతులు చెరిగిపోలేదు సరికదా, చాలా ఫారాల చివర ఇంకొకటి చేరింది. పై వాటిలో ఏదైనా చెల్లదని కోర్టు తేల్చినా, మిగతావన్నీ యథాతథంగా చెల్లుతాయట.