ఇన్ గేటుకూ ఔట్ గేటుకూ మధ్య

ఒక విశ్వవిద్యాలయాన్ని పరిచయం చేసేటప్పుడు అది ఎక్కడ ఉన్నదో ముందుగా చెప్పడం గ్రంథకర్తల ఆచారం. ఆంధ్ర విశ్వవిద్యాలయం విషయంలో ఈ మొదటి వాక్యమే పేచీ పెడుతుంది; అది విశాఖపట్నంలో ఉన్నదని లోకమూ, వాల్తేరులో ఉన్నదని పాతతరం పట్టభద్రులూ, ఔట్ గేటు దగ్గర ఉన్నదని ఆటోవారూ చెబుతారు, పైగా ముగ్గురి మాటా నిజమే. వాల్తేరు అనేది సముద్రపు ఒడ్డునుంచి పైకి లేచిన మెరక మీది ఊరు. పట్నం పెరుగుతూ వచ్చి దాన్ని తనలో కలుపుకున్నది కానీ పేరును మాత్రం పూర్తిగా మింగలేకపోయింది. రైల్వేస్టేషను సైతం 1987 వరకూ వాల్తేరుగానే చలామణీ అయి, ఆ తర్వాతనే విశాఖపట్నంగా మారింది.

నిజానికి చిరునామా తగాదా ఈ సంస్థకు పుట్టువెంట్రుకలతో వచ్చినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటినుంచీ తెలుగు విద్యార్థి ఏ ఊళ్లో చదివినా అతని పట్టా మాత్రం మద్రాసులోనే పుట్టేది. ఈ పరాధీనత పోగొట్టడానికి 1926లో మద్రాసు శాసనసభ చట్టం చేసి కొత్త విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు, దానికి ఊరి పేరు కాక జాతి పేరు పెట్టారు. ఊరి పేరు పెడితే ఒక ఊరివారే తమదనేవారు. జాతి పేరు పెట్టడంవల్ల ప్రతి ఊరివారూ తమదనే అన్నారు. బిడ్డ బారసాల నాడే ఏ మేనమామ ఇంట పెరగాలన్న చర్చ మొదలైనట్లుగా బెజవాడ, రాజమహేంద్రవరం, అనంతపురం, విశాఖపట్నం తమ తమ యోగ్యతలను ఏకరువు పెట్టాయి. మొదట బెజవాడలో కాపురం పెట్టిన విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. బెజవాడ ఎండలో ఒక్క వేసవి గడిపిన వారెవరూ ఈ ప్రయాణానికి వేరే కారణం వెతకనక్కరలేదు గానీ, చరిత్రకారులు కారణాలు వెతకడానికే జీతం తీసుకుంటారు కనుక వారిని ఆక్షేపించరాదు.

ఈ నిర్ణయం దత్తమండలాలకు, అంటే 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన, తర్వాత రాయలసీమగా పేరు మార్చుకున్న జిల్లాలకు, ఎంతమాత్రం రుచించలేదు. వాల్తేరుకంటే మద్రాసే దగ్గరన్న భూగోళ సత్యాన్ని ఆధారం చేసుకుని ఆ జిల్లాలు అలిగి తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం పంచన చేరాయి. అలక ఎంత దూరం వెళ్లిందంటే, ఆంధ్రరాష్ట్రం కోసం కోస్తావారూ సీమవారూ ఏకం కావడానికి 1937లో మద్రాసులోని కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్‌ భవనంలో కుదుర్చుకున్న ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న షరతు చేరింది. రాష్ట్రం ఇంకా పుట్టలేదు, నదీజలాలు ఇంకా పంచుకోవలసే ఉన్నవి. అయినా బడి ఎక్కడన్నది ముందుగా తేల్చుకున్న జాతిని విద్యావిముఖులని ఎవరూ అనజాలరు. తీరా 1954లో సీమకు విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అది తిరుపతిలో వెలిసింది. పేచీ అనంతపురానిది, ప్రాప్తం వేంకటేశ్వరస్వామిది.

సంస్థను నడిపే అధికారిని ఉపకులపతి అంటారు. కులపతి పదవి గవర్నరుగారికి అలంకారంగా ఉంటుంది గనుక, పనంతా చేసే మనిషికి పేరుకు ముందు 'ఉప' అన్న తోక తగిలించడం ఈ వ్యవస్థ ప్రత్యేకత. తోక వెనక ఉండవలసినదన్న ఆక్షేపణను పాలకమండళ్లు ఇంతవరకూ చర్చకు తీసుకోలేదు. తొలి ఉపకులపతి, 'ముసలమ్మ మరణం' కర్త కట్టమంచి రామలింగారెడ్డి, స్వాతంత్ర్యోద్యమాన్ని ప్రభుత్వం అణచివేసిన తీరుకు నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931నుంచి 1936వరకూ ఆ పీఠంపై ఉండి హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటి వంగీయులను రప్పించారు. ఆయన వెళ్లగానే రామలింగారెడ్డిగారు మళ్లీ వచ్చి, ఈసారి 1949వరకూ కదలలేదు. కదలవలసివచ్చినది విశ్వవిద్యాలయమే: 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాక భవనాలు సైన్యం పాలై, చదువులు గుంటూరుకు వలసపోయాయి. కృష్ణ ఒడ్డునుంచి సముద్రం ఒడ్డుకు వచ్చినది, సముద్రం భయపెడితే మిరపకాయల మధ్యకు వెళ్లి, యుద్ధం ముగిశాక మరల మెరకెక్కింది.

ఇక్కడ జయపురం మహారాజు విక్రమదేవవర్మను తలచుకోకుండా సాగడం కృతఘ్నత. నేటి ఒడిశాలోని ఆ అడవిసీమ ప్రభువు విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. విజ్ఞానశాస్త్రాల కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఈ విద్యాలయం ఇచ్చే గౌరవ పట్టాలలో 'కళాప్రపూర్ణ' ఒకటి. పరీక్ష రాయకుండా పుచ్చుకోదగిన పట్టాగా దీనికి పేరు. గ్రాంథికమే రాయాలన్న పండితులతో జీవితమంతా తగువాడిన గిడుగు రామమూర్తిగారికి 1938లో దీన్ని ఇవ్వడంలో సంస్థ హృదయవైశాల్యం కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు విద్యార్థుల చేత గ్రాంథికమే రాయించడంలో దాని నిలకడ కనిపిస్తుంది.

ఇక పరిసర సమాజం. ఒకవైపు సిరిపురం, మరొకవైపు మద్దిలపాలెం, చినవాల్తేరు, కిందకు దిగితే జాలరిపేట. వీటి నడుమ విద్యాలయానికి ఇన్ గేటు, ఔట్ గేటు అనే రెండు ద్వారాలు ప్రసిద్ధం. పేర్లను బట్టి జనం ఒకదానిలో ప్రవేశించి రెండవదానిలో నిష్క్రమిస్తారని భావించడం పుస్తకజ్ఞానం. వాస్తవంలో ఔట్ గేటులోంచి లోపలికి వచ్చి చదువు పూర్తిచేసుకున్నవారూ, ఇన్ గేటులోంచి బయటపడి మళ్లీ కనిపించనివారూ కోకొల్లలు. తెల్లవారుజామున రెండు గేట్లలోంచీ 'వాకర్లు' వస్తారు. వాకరు అనగా ఏ శాఖలోనూ పేరు నమోదు కాకపోయినా హాజరు విషయంలో విద్యార్థులందరినీ మించిన పౌరుడు. చెట్ల కింద వీరు నడిపే గోష్ఠులలో చక్కెర వ్యాధి, పింఛను బకాయి, అమెరికాలోని కొడుకు కొన్న ఇల్లు అనే మూడు పాఠ్యాంశాలు ఉంటాయి, సిలబస్ ఏళ్ల తరబడి మారదు. సాయంత్రానికి అసలు విద్యార్థులు మెరక దిగి బీచిలో ముంతమసాలా ముందు సమావేశమవుతారు. మరమరాలకు ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం కలిపి గలగలలాడించి ఇచ్చే ఈ పదార్థం మీద కుదిరినంత ఏకాభిప్రాయం ఏ సెమినారులోనూ కుదరదు.

ఏ విశ్వవిద్యాలయపు గేటు దగ్గరైనా ఉండే జిరాక్సు, బైండింగు దుకాణాలను కూడా విద్యాసంస్థలుగానే లెక్కించడం న్యాయం. పరిశోధకుడు అయిదేళ్లు రాసిన సిద్ధాంత గ్రంథాన్ని మొదటి పుటనుంచి చివరి పుటదాకా శ్రద్ధగా చదివే మొదటి వ్యక్తి దాన్ని టైపు చేసే కుర్రవాడు. చివరి వ్యక్తి కూడా తరచు అతడే.

1926లో పొట్లాడిన ఊళ్లన్నిటికీ కాలక్రమంలో తలా ఒక విశ్వవిద్యాలయం దక్కింది. అనంతపురానికి 1981లో శ్రీకృష్ణదేవరాయలవారి పేరిట, బెజవాడకు 1986లో వైద్యవిద్యల కోసం, రాజమహేంద్రవరానికి ఎనభై ఏళ్ల ఓపిక తర్వాత 2006లో ఆదికవి నన్నయ పేరిట. ఈలోగా 1976లో గుంటూరువైపువారు నాగార్జునుని పేరుతో వేరింటి కాపురం పెట్టారు. 2008లో ఉత్తరాన శ్రీకాకుళమూ, దక్షిణాన మచిలీపట్నమూ సొంత విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నాయి. ఉమ్మడి కుటుంబంలో వాటాలు పంచగా పెద్దాయనకు పాత ఇల్లూ, ఇంటిపేరూ మిగిలినట్లు, ఆంధ్ర అన్న విశాలమైన పేరు ఇప్పుడు చేతికందేపాటి భూభాగం మీద నిలిచి ఉన్నది. నూరేళ్లు నిండిన ఆ పెద్దాయన చిరునామా కోసం ఇచ్ఛాపురంనుంచో హిందూపురంనుంచో వచ్చి స్టేషనులో దిగినవారికి చరిత్ర అంతా అక్కరలేదు. ఆటో అతను అడిగే ఒకే ప్రశ్నకు జవాబు తెలిస్తే చాలు:

"ఇన్ గేటా, ఔట్ గేటా బావూ?"